లాంచీకి ఫిట్‌నెస్ ఎవరిస్తారు?

శంషాబాద్‌లో చదివే మనకు విమానం కొత్త కాదు. ఇక్కడ ఎయిర్‌పోర్టు 2008 మార్చిలో మొదలైంది. ప్రేయర్‌లో సారు మాట్లాడుతున్నా మన తలలు పైకే ఉంటాయి. కానీ సెలవులకు ఇంటికి పోయేటప్పుడు మనలో కొందరు ఎక్కేది లాంచీ. మా అమ్మమ్మ వాళ్ళది వరరామచంద్రాపురం మండలం, గోదారి ఒడ్డు. అందుకే ఈసారి పడవ కాగితాల గురించి రాస్తున్నాను.

విమానం ఎగరాలంటే డి.జి.సి.ఎ. అనే కేంద్ర సంస్థ సర్టిఫికెట్ ఉండాలి. పడవలకూ చట్టం ఉందంటే చాలామంది నమ్మరు. తెల్లవాళ్ళ కాలంలో 1917లోనే ఒకటి వచ్చింది. దాని స్థానంలో 2021లో కొత్త ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం చేశారు. దీని ప్రకారం ఇంజను ఉన్న పడవకు రిజిస్ట్రేషన్ ఉండాలి, లారీకి నంబరు ఉన్నట్టు. నడిపే సరంగుకు, ఇంజను చూసేవాడికి యోగ్యతా పత్రం ఉండాలి. ఇన్సూరెన్సు కూడా కావాలి. మనవాళ్ళ తెడ్డు పడవలను స్థానిక సంస్థల దగ్గర నమోదు చేసే ఏర్పాటు కూడా అందులో ఉంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది సర్వే సర్టిఫికెట్. అంటే పొలం సర్వే కాదు! సర్వేయరు వచ్చి పడవ అడుగు తుప్పు పట్టిందా, ఇంజను సరిగా ఉందా, లోపల చేరిన నీళ్ళు తోడే పంపు పనిచేస్తుందా, మంటలు ఆర్పే సిలిండరు ఉందా అని చూస్తాడు. పడవ ఎంత ఒరిగితే తిరిగి నిలబడుతుందో కూడా లెక్కగట్టాలి. బరువులను ఒక పక్కకు జరిపి ఎంత ఒరిగిందో కొలుస్తారు. దాన్నిబట్టే ఎంతమందిని ఎక్కించవచ్చో తేలుతుంది. పై అంతస్తులో జనం ఎక్కువైతే పడవ బరువు పైకి పోతుంది. నెత్తిన నీళ్ళబిందెతో దోనెలో నిలబడి చూడండి, తెలుస్తుంది. ఎయిర్‌పోర్టులో పెట్టె తూకం వేసేది కూడా డబ్బుల కోసమే కాదు, విమానం బరువు లెక్క కోసం. మన రేవుల్లో ఎవరు తూస్తున్నారు?

2017 నవంబరు 12న కృష్ణానదిలో ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర తిరగబడిన పడవకు అసలు అనుమతే లేదు. 22 మంది పోయారు. 2018 మే 15న దేవీపట్నం మండలం మంటూరు దగ్గర మునిగిన లాంచీలో ఎక్కువమంది మన గిరిజనులే. గాలివాన వచ్చిందని తలుపులు, కిటికీలు మూసేశారు. లాంచీ మునిగేసరికి లోపలివాళ్ళు బయటికి రాలేకపోయారు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ మునిగింది. అప్పుడు గోదారికి వరద. పడవలో 77 మంది, హైదరాబాదు, వరంగల్ వాళ్ళు చాలామంది. దగ్గరి ఊళ్ళ గిరిజనులు నాటు పడవల్లో వెళ్ళి ఒడ్డుకు చేర్చడంతో 26 మంది బతికారు. దీన్ని మనం ఇంకా గట్టిగా చెప్పుకోవాలని నా అభిప్రాయం. పడవను బయటికి తీయడానికి కాకినాడ ధర్మాడి సత్యం బృందం ఎంతో కష్టపడింది. అక్టోబరు 22న గాని అది పైకి రాలేదు.

ఎంత మంచి పడవైనా వరదలో పోకూడని రోజు ఉంటుంది. ఈ రోజు వద్దు అని చెప్పేవాడు రేవులో ఉండాలి. ఈ ప్రమాదం తర్వాతే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బోటింగు రేవుల దగ్గర కంట్రోల్ రూములు పెట్టింది.

ఇంకో సంగతి. విమానంలో సీటు కింద లైఫ్ జాకెట్ ఉంటుంది. బయటికి వచ్చాకే గాలి నింపుకోమంటారు. లోపలే నింపుకుంటే, నీళ్ళు వచ్చినప్పుడు అది మనిషిని పైకప్పుకు అదిమేస్తుంది. పడవ జాకెట్ అలాంటిది కాదు. అందులో ఎప్పుడూ తేలే నురగ దిమ్మ ఉంటుంది. కాబట్టి దాన్ని తొడుక్కుని మూసిన గదిలో కూర్చోకూడదు, తెరిచిన చోట, దారి దగ్గర ఉండాలి. కచ్చులూరులో అన్నం వేళకు కొందరు జాకెట్లు విప్పేశారని బతికినవాళ్ళు చెప్పారు. బెల్టు బిగించకపోతే జాకెట్ మెడమీదికి జారిపోతుంది, మనిషి కిందనే ఉంటాడు.

సంక్రాంతికి రేవుకు పోయినప్పుడు లాంచీ మీద నంబరు ఉందా, ఎంతమందికి అనుమతో రాసి ఉందా చూడండి. తలలు లెక్కపెట్టండి. సర్వే గడువు ఎప్పటిదాకా మామా అని సరంగును అడగండి. పెద్దవాళ్ళు నవ్వితే నవ్వనివ్వండి. మా అమ్మమ్మ ఊరి రేవులో అడిగేది నేనే.