ఉద్యోగం మారి చింతిస్తున్నారా?

గుంటూరులో ఒక మందుల టోకు వ్యాపారి వద్ద పన్నెండేళ్ళపాటు లెక్కలు చూసిన సోదరుడొకరు మాకు తెలుసు. జీతం 28 వేలు, ఇల్లు సొంతం, దుకాణం పక్క వీధిలోనే మస్జిద్. హైదరాబాదులో ఒక సంస్థ 40 వేలు ఇస్తామనగానే కుటుంబంతో సహా తరలివెళ్ళారు. నాలుగు నెలల తరువాత తన సొంత లెక్క వేసుకున్నారు. పెరిగిన జీతం 12 వేలు. అద్దెకు 9 వేలు, రాకపోకలకు 3 వేలు పోగా మిగిలింది శూన్యం. పిల్లలు నిద్ర లేవకముందే బయలుదేరి, వారు నిద్రించాక ఇల్లు చేరుతున్నారు. “జీతం పెరిగింది సరేనండీ, పిల్లలు మీతో మాట్లాడేదెప్పుడు?” అని భార్య అడిగితే ఆయన వద్ద జవాబు లేదు. “అక్కడే ఉండి ఉంటే ఎంత బాగుండేదో!” అన్న మాట మాత్రం ఆయన నోట నిత్యం వినిపించసాగింది.

ఈ మాట మనలో అనేకుల ఇళ్ళలో వినబడేదే. దీని నుండి బయటపడే దారి ఏమిటో ఆలోచిద్దాం.

ముందుగా ఒక భేదం గ్రహించాలి. పాపం చేసినప్పుడు కలిగే పశ్చాత్తాపం తౌబాకు ప్రాణం వంటిది. కాని హలాల్ సంపాదన కొరకు సదుద్దేశంతో చేసిన ప్రయత్నం ఫలించకపోవడం పాపం కాదు. మేలు చేకూర్చేదాని కోసం పాటుపడాలని, అల్లాహ్ సహాయం అర్థించాలని, చేతులు ముడుచుకుని కూర్చోరాదని దైవప్రవక్త (స) బోధించినట్లు సహీహ్ ముస్లింలో ఉంది. కష్టం ఎదురైనప్పుడు ‘అలా చేసి ఉంటే’ అనుకోవడం షైతానుకు తలుపు తెరవడమేనని కూడా ఆయన హెచ్చరించారు.

హిజ్రీ 3వ సంవత్సరం, ఉహుద్ సందర్భం. మదీనాలోనే ఉండి శత్రువును ఎదుర్కోవాలన్నది ప్రవక్త (స) మొగ్గు. అయినా సహచరులను సంప్రదించి, బయటికి వెళ్దామన్న వారి కోరికను అంగీకరించారు. ఆ యుద్ధంలో సుమారు డెబ్బై మంది షహీద్ అయ్యారు. దాని తరువాత అవతరించిన ఆలి ఇమ్రాన్ సూరా 159వ ఆయతు సంప్రదింపులను మానుకోమనలేదు. సహచరులను మన్నించి, ఇకపైనా వారిని సంప్రదించమని, నిశ్చయం జరిగాక అల్లాహ్‌పై భారం వేయమని ఆదేశించింది. ఒక నిర్ణయం చేదు ఫలితం ఇచ్చిందని నిర్ణయించడమే మానుకోరాదని మనకు ఇందులో పాఠం ఉంది.

మరి ఇప్పుడేమి చేయాలి? మనస్సును బాధిస్తున్నది ఏమిటో మొదట విడమరచి చూసుకోవాలి. కొత్త పని పట్ల బెరుకు అయితే కొన్ని నెలలలో తగ్గవచ్చు. దూరమే సమస్య అయితే ఇల్లు మారడం చాలునేమో! పనిలోనే వడ్డీ, మోసం ఉన్నట్లయితే మాత్రం ఆలస్యం చేయక వేరే దారి వెతకాలి. తొందరలో చేరిన ఉద్యోగాన్ని తొందరలోనే వదలడం వివేకం కాదు. ఇంటి ఇల్లాలితో, పెద్దలతో, ఆ వృత్తి తెలిసినవారితో మష్వరా చేయాలి. పాత యజమానిని అడగడంలో చిన్నతనమేమీ లేదు. వదలాలని నిశ్చయించుకుంటే ముందుగా తెలియజేసే గడువును పాటించాలి. అది మనం చేసిన ఒప్పందం. మూసా (అలై) సైతం మద్‌యన్‌లో ఒప్పుకున్న గడువు పూర్తి చేసిన తరువాతే కుటుంబంతో బయలుదేరారు.

ఆపై రెండు రకాతుల నఫిల్ నమాజు చేసి ఇస్తిఖారా దుఆ చేసుకోవాలి. చాలామంది కల కోసం ఎదురుచూస్తారు. కాని జాబిర్ (రజి) ఉల్లేఖించిన హదీసులో కల ప్రస్తావనే లేదు. ధర్మానికీ, జీవనోపాధికీ, పర్యవసానానికీ ఏది మేలో దానిని ప్రసాదించమని, దానితో మనస్సుకు తృప్తినివ్వమని వేడుకోవడమే అందులోని సారాంశం.

ఆ సోదరుడు పాత యజమానిని అడిగారు. ఆ స్థానంలో అప్పటికే మరొకరు చేరారు. భార్యాభర్తలు కూర్చుని మాట్లాడుకున్నారు. పిల్లల చదువు మధ్యలో చెడకుండా వేసవి సెలవుల వరకు ఇక్కడే ఉండాలని, కార్యాలయానికి దగ్గరలో చిన్న ఇల్లు చూసుకోవాలని, ఈలోగా గుంటూరు, విజయవాడలలో పని వెతకాలని నిశ్చయించుకున్నారు. పని ఇంకా దొరకలేదు. కాని “అక్కడే ఉండి ఉంటే” అనే నోట ఇప్పుడు “వేసవికి, ఇన్‌షా అల్లాహ్” అన్న మాట వినబడుతోంది.