మొక్కలనుండి పుట్టిన పలుచని పొర

భూదాన్ పోచంపల్లిలో నూలుచీర నేయబూనిన పద్మశాలీలు పడుగునకు గంజి పట్టించి ఆరవేయునపుడు, ప్రతి పోగు చుట్టును కంటికానని పిండిపొర యొకటి ఏర్పడి, నూగును అణచి, అచ్చుపళ్ల రాపిడికి పోగు తెగకుండ కాపాడును. ఉతుకునపుడు ఆ పొర కరగిపోవును. నేతకు అది మేలే. కోసిన కాయగూరలకు రక్షణగా చుట్టదలచిన మొక్కపొరలకు మాత్రము నీటియెదుట నిలువలేని ఈ స్వభావమే నూరేండ్లకు పైగా పెనుచిక్కై నిలిచినది.

కోసిన కాయ చచ్చినది కాదు. తల్లిమొక్కను వీడిన పిదపను అది ప్రాణవాయువును గైకొని, తనలోని చక్కెరలను దహించుకొనుచు, బొగ్గుపులుసు వాయువును, నీటియావిరిని, వేడిమిని వెలువరించుచునే యుండును. టమాటలో నూటికి 94 పాళ్లు నీరే. అందు కొలదిభాగము ఆవిరియైనను తోలు ముడుతపడును, తూకము తగ్గును, రైతునకు ధర దక్కదు. పోనీ అని పాలిథీను సంచిలో బిగించి కట్టినచో, ఆవిరి లోపలనే చెమ్మయై బూజును పెంచును, ప్రాణవాయువు తరిగి కాయ పులిసిపోవును. నీటిని పోనీయక, ఊపిరిని బొత్తిగా ఆపక, దానిని మందగింపజేయు పొర కావలెను.

ఇట్టి పొరలలో ప్రసిద్ధికెక్కిన సెల్లోఫేన్ పుట్టుక వస్త్రపరిశ్రమలోనిదే యగుట నాకు మిక్కిలి ఆసక్తికరముగా తోచును. 1892లో ఇంగ్లండున క్రాస్, బెవాన్, బీడిల్ అను రసాయనజ్ఞులు కొయ్యగుజ్జును కాస్టిక్ సోడాతోను, కార్బన్ డైసల్ఫైడుతోను సంస్కరించి విస్కోస్ అను చిక్కని ద్రవమును సాధించిరి. ఫ్రాన్సున వస్త్రపరిశ్రమలో పనిచేయుచున్న స్విట్జర్లండు వాసి జాక్ బ్రాండెన్‌బర్గర్, భోజనశాలలో బల్లగుడ్డపై మద్యమొలుకుట చూచి, తడియంటని గుడ్డను చేయదలచి, విస్కోసును గుడ్డపై పూసెను. గుడ్డ బిరుసెక్కి పనికిరాకపోయెను గాని, దానిపై నేర్పడిన పూత పారదర్శకమైన పొరయై ఊడివచ్చెను. గుడ్డను విడిచి ఆయన ఆ పొరనే పట్టుకొని, సన్నని చీలికగుండ విస్కోసును ఆమ్లపు తొట్టిలోనికి దించి అవిచ్ఛిన్నముగా పొరను తీయు యంత్రమును 1908 నాటికి నిర్మించెను. అయినను ఆ పొరగుండ నీటియావిరి జారిపోవుచునే యుండెను. 1927లో అమెరికాలో విలియం హేల్ చార్చ్, నైట్రోసెల్యులోజు, మైనము చేర్చిన పలుచని లేపనముతో ఆ లోపమును తీర్చిన పిదపనే సెల్లోఫేన్ ఆహారపదార్థముల రక్షకమైనది. రెండవ ప్రపంచయుద్ధానంతరము చవుకయైన పాలిథీను దానిని వెనుకకు నెట్టెను. అయితే, కార్బన్ డైసల్ఫైడు కార్మికుల నరములను కృశింపజేయు విషము; మొక్కనుండి పుట్టినంతమాత్రమున ఏ వస్తువును నిర్దోషమని తలపరాదు.

నేడు దృష్టి మరల పిండిపదార్థముపై నిలిచినది. పిండిని నీటిలో ఉడికించినపుడు రేణువులు ఉబ్బి పగిలి, తిన్నని గొలుసుల వంటి అమైలోజ్ అణువులు వెలికివచ్చి, ఆరునపుడు ఒండొంటిని పెనవేసికొని పొరగా నిలుచును. అది పెళుసుగా నుండును గనుక గ్లిజరిన్ కలిపి మెత్తపరచుదురు. తడిని ఓర్చుటకై మైనమునో, మన్నులో జీర్ణించు ఇతర పాలిమరునో చేర్చుదురు. 2021 ఆగస్టులో తిరుమలలో లడ్డూప్రసాదమునకై, రక్షణ పరిశోధనాభివృద్ధి సంస్థవారు రూపొందించిన, మొక్కజొన్న పిండితో చేసిన సంచులు ప్రవేశపెట్టబడినవి. ప్రసాదము మోయు సంచికి బలము చాలును. బెండకాయకు చుట్టు పొరకు ఊపిరి లెక్కయు తెలిసియుండవలెను. ఆ లెక్క ఒక్కొక్క కూరకు ఒక్కొక్క తీరుగా నుండుటచే ఈ పని యింకను మిగిలియున్నది.

పోచంపల్లి చెంతనే జలాల్‌పురమున గ్రామీణ యువతకు వృత్తివిద్యలు నేర్పు స్వామి రామానందతీర్థ గ్రామీణ సంస్థ గలదు. గంజిపాకము నెరిగిన నేతగాండ్రను, హైదరాబాదు అంగళ్లకు కూరగాయలు పంపు రైతులను, రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులను ఒకచోట చేర్చి, రాబోవు వేసవిలో టమాటపైనను, బెండపైనను ఈ పిండిపొరలను పరీక్షింపజేయుడని ఆ సంస్థవారిని ప్రార్థించుచున్నాను.