గడియ తుపాకి: నమ్మకము దేనియందున్నది?

పనిముట్టు విలువ అది పనిచేసిన దినమున తెలియదు. మొరాయించిన దినమున తెలియును. నాగలి విరిగినచో ఒక పూట దుక్కి ఆగును. మోకు తెగినచో ఒక మడి ఎండును. వేటతుపాకి మొరాయించినచో మనిషి ప్రాణమునకు ముప్పు వచ్చును. లేదా మృగము సగము చచ్చి పొదలలోనికి పోవును. అందుచేతనే వేటగాండ్రు తుపాకుల అందముకన్న వాని నమ్మకమును గూర్చియే ఎక్కువగా వాదించుకొనిరి.

కామారెడ్డి జిల్లాలో, బాన్సువాడ డివిజనునందలి డోంగ్లి 2022లో మండల కేంద్రమైనది. ఈ సీమకు వేట కొత్తది కాదు. ఇదే జిల్లాకును మెదకు జిల్లాకును నడుమ వ్యాపించిన పోచారము అడవి ఒకప్పుడు నిజాము ప్రభువుల వేటస్థలము; 1952లో అది అభయారణ్యమైనది. ప్రభువుల వేట ముగిసినది గాని, చేను మీద అడవిపందులు పడినప్పుడెల్ల పల్లెలలో తుపాకి మాట వినవచ్చుచునే యున్నది. కావున ఆ యంత్రము తత్త్వమును తెలిసికొనుట ఉపాధ్యాయులకును విద్యార్థులకును నిరుపయోగము కాదు.

గత శతాబ్దిలో వేటకు ఎక్కువగా వాడబడినది ‘బోల్ట్ యాక్షన్’ రైఫిలు. బోల్ట్ అనగా గడియ. పాత ఇంటి తలుపు గడియను తలచుకొనుడు. పిడిని పైకి త్రిప్పి వెనుకకు లాగినచో తలుపు తెరచుకొనును. ముందుకు త్రోసి క్రిందికి త్రిప్పినచో బిగిసికొనును. ఈ తుపాకియందును అంతే. గడియను వెనుకకు లాగినచో కాలిన తూటా తొడుగు బయట పడును. ముందుకు త్రోసినచో క్రింది పెట్టెలోని క్రొత్త తూటా గొట్టములోనికి పోవును. 1841లో ప్రష్యా ప్రభుత్వము తన సైన్యమునకై స్వీకరించిన గడియ తుపాకిని రూపొందించిన డ్రైజె, తాళములు చేయువాని కుమారుడు.

ఈ జాతిలో పేరెన్నికగన్నది జర్మనీ దేశపు మౌజరు. పాల్ మౌజరు నిర్మించిన 1898 నమూనా నేటికిని ప్రమాణముగా నిలిచియున్నది. దాని గడియకు పొడవైన ఉక్కు కొక్కెమొకటి కలదు. తూటా పెట్టెను విడిచిన క్షణముననే ఆ కొక్కెము దాని అంచును పట్టుకొనును. బయటికి విసరివేయువరకు విడువదు. తొందరలో వేటగాడు గడియను సగము త్రోసి వెనుకకు లాగినను తూటా దానితోడనే తిరిగివచ్చును. కొక్కెము ఇట్లు ముందే పట్టుకొనని తుపాకులలో సగము త్రోసిన తూటా గొట్టములోనే నిలిచిపోవును. రెండవ త్రోపులో మరియొక తూటా దాని వీపున గ్రుచ్చుకొని యంత్రము బిగిసిపోవును. గురిపరీక్షలో ఇది చిన్న చిక్కు. గాయపడిన పులి ఎదుట నున్నప్పుడు చిన్న చిక్కు కాదు.

మన దేశమున ఎక్కువగా వాడుకకు వచ్చినది లీ-ఎన్‌ఫీల్డు వంశము. దాని గడియ కదలిక పొట్టిది, వేగమైనది. దుమ్మును, బురదను ఓర్చుకొనుటలో సైనికులు దానిని మెచ్చుకొనిరి. గడియను బిగించు కణుపులు మౌజరులో ముందువైపున నుండగా, దీనిలో వెనుకవైపున నుండును. కావున మిక్కిలి బలమైన తూటాలకు మౌజరు కట్టడియే మేలు. అయితే ఇక్కడ యంత్రముతోపాటు చట్టము కూడ పనిచేసినది. సైన్యము వాడిన .303 తూటా పౌరులకు నిషిద్ధము. అందుచేత బెంగాలులోని ఇషాపూరు కర్మాగారము అదే లీ-ఎన్‌ఫీల్డు కట్టడిని .315 తూటాకు అమర్చి వేటతుపాకిగా చేసినది. తుపాకి ఎంత గొప్పదైనను తూటా దొరకనినాడు అది ఇనుప కడ్డీయే. దేశములోనే తుపాకియు తూటాయు దొరకుటయే .315 యొక్క మొదటి గుణము. ఆ తూటాకు వెలికి పొడుచుకొనివచ్చిన అంచు కలదు. పెట్టెలో నింపునప్పుడు పై తూటా అంచు క్రింది తూటా అంచునకు వెనుకబడినచో రెండును చిక్కుకొనును. అనగా దీని నమ్మకములో సగము నింపు చేతియందున్నది.

అమెరికా కథ మరియొక పాఠము నేర్పును. 1936లో వెలువడిన వించెస్టరు 70 మౌజరు కొక్కెమును అనుసరించి మన్నన పొందెను. 1964లో ఖర్చు తగ్గించుటకై కంపెనీ ఆ కొక్కెమును తీసివేయగా, వేటగాండ్రు పాత తుపాకులనే వెదకి ఎక్కువ వెలకు కొనసాగిరి. 1990ల దశకములో కంపెనీయే ఆ కొక్కెమును తిరిగి పెట్టవలసి వచ్చెను. 1962 నాటి రెమింగ్టన్ 700లో ఆ కొక్కెము లేదు. అయినను గురికిని గట్టితనమునకును పేరు పొందినది. దాని ట్రిగ్గరు మీద మాత్రము, వ్రేలు తగులకయే ప్రేలినదను ఆరోపణలు వచ్చెను. లోపమున్నదని ఒప్పుకొనకయే, 2014లో ఒక వ్యాజ్యపు రాజీలో ట్రిగ్గరులను మార్చి యిచ్చుటకు కంపెనీ అంగీకరించినది. అవసరమైనప్పుడు ప్రేలుటయే గాక, అక్కరలేనప్పుడు ప్రేలకుండుటయు నమ్మకమే గదా!

ఇంతవరకు యంత్రము మాట. 1907లో కుమావూఁ కొండలయందలి చంపావత్ వద్ద జిమ్ కార్బెట్ ఒక ఆడుపులిని చంపెను. అది 436 మందిని పొట్టనబెట్టుకొన్నదని ప్రసిద్ధి. నాడు తన మూడు తూటాలును అయిపోగా ఆయన తహశీలుదారు చేతిలోని పాత తుపాకిని అందుకొనెను. దాని గొట్టమునకును వెనుక దిమ్మకును నడుమ సందు కలదు. ఆ తుపాకితోనే చివరి దెబ్బ వేయవలసి వచ్చెను. తరువాత ప్రభుత్వ పక్షమున ఆయనకు బహుమానముగా వచ్చినది మౌజరు గడియ గల రిగ్బీ .275 రైఫిలు.

కథలో ముఖ్యమైనది ఆ బహుమానము కాదు. చచ్చిన పులి నోరు చూడగా కుడివైపు పై కోరయు క్రింది కోరయు విరిగియుండెను. అది ఏనాటిదో తుపాకి దెబ్బ. సహజమైన వేట చేతగాకనే ఆ పులి మనుష్యులను పట్టనారంభించినదని కార్బెట్ వ్రాసెను. సికిందరాబాదు ప్రక్కనున్న బొలారములో 1910లో జన్మించిన కెన్నెత్ ఆండర్సన్ దక్షిణదేశపు అడవులలో నరభక్షకులను వేటాడి ఇటువంటి గాయముల కథలనే చెప్పెను. ఆయన చేతిలోనిది గడియ తుపాకియే కాదు. మీట క్రింద త్రిప్పు వించెస్టరు.405. నమూనా ఏదైనను, ఎవడో ఒకడు తొందరపడి కాల్చి, గాయపడిన మృగమును వెదకక ఇంటికి పోయినచో, దాని ఫలమును కట్టెలకు పోయిన అమాయకులు అనుభవించిరి.

కావున నమ్మకమునకు మూడు కాళ్లున్నవి: మంచి గడియ, మంచి తూటా, ఓర్పుగల చేయి. మొదటి రెండును వెలకు దొరకును, మూడవది దొరకదు.

నేడు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నిషేధించినది. ఆయుధమునకు 1959 నాటి చట్టము క్రింద లైసెన్సు కావలెను. పంటను పాడుచేయు అడవిపందిని సైతము అధికారి వ్రాతపూర్వకమైన అనుమతి లేక చంపరాదు. ఆ జాగుకు విసిగి కొందరు చేని గట్టున విద్యుత్తు తీగ పరచుచున్నారు. కొందరు నాటు తుపాకులు పట్టుచున్నారు. మౌజరు మంచిదా, ఎన్‌ఫీల్డు మంచిదా యను వాదములో ఈ రెండింటికిని చోటు లేదు. నాటు తుపాకి గొట్టము పగిలినచో కాల్చినవాని కన్నే పోవును. తీగకు గురి లేదు, గడియ లేదు, ఆపు మీట లేదు. పందికిని, తెల్లవారుజామున నీరు పెట్టబోవు రైతునకును దానికి భేదము తెలియదు. ఆ రీతిగా ప్రాణములు పోయిన వార్తలను మన పత్రికలలో చదువుచునే యున్నాము. డోంగ్లి వంటి పల్లెలలో బడిపిల్లలకు ఈ ఒక్క సంగతి బోధపడినచో, వారు దానిని ఇంటికి కొనిపోయి తండ్రులకు చెప్పగలరు.