బరువు ఏ దారిన పోతుంది?

మీరు కూర్చున్న గది పైకప్పు వంక ఒకసారి చూడండి. కాంక్రీటు స్లాబు అయితే దాని బరువు కొన్ని వేల కిలోలు. అయినా అది మీ నెత్తిన పడటం లేదు. ఆ బరువంతా గోడల్లోకి, గోడల్లోంచి పునాదిలోకి, పునాదిలోంచి నేలలోకి పోతున్నది. బరువుకు సరైన దారి చూపించడమే కట్టడాల విద్యలో అసలు రహస్యం.

ఈ విద్య నేర్చుకునే ఆర్కిటెక్చర్ విద్యార్థులు కొందరు తమ చదువులో ఒక అర్ధ సంవత్సరం ఇటలీలో గడుపుతారు. ఇది కొత్త ఆచారం కాదు. ఫ్రాన్సు రాజు 1666లోనే రోము నగరంలో కళా విద్యార్థుల కోసం ఒక అకాడమీ పెట్టించాడు. ఆ తరువాతి శతాబ్దంలో పోటీలో నెగ్గిన యువ శిల్పులను అక్కడికి పంపేవారు. వాళ్లు పురాతన కట్టడాలను కొలిచి, పటాలు గీసి, పారిస్‌కు పంపించాలి.

ఈనాటి విద్యార్థి చేతిలో కూడా కొలత టేపు, పెన్సిలు, బొమ్మల పుస్తకం ఉంటాయి. కెమెరా ఉండగా ఇవెందుకు అంటారా? కెమెరా ఒక్క క్షణంలో పని ముగిస్తుంది. గీసే చెయ్యి మాత్రం ప్రతి రాయి దగ్గరా ఆగి, “ఇది దేనిమీద ఆనింది?” అని అడగక తప్పదు. రండి, అలాంటి ఒక విద్యార్థి వెంట మనమూ మూడు ఊళ్లు తిరిగివద్దాం.

రోము: నడినెత్తిన కన్నం

మొదట రోములోని పాంథియన్. క్రీ.శ. 126 ప్రాంతంలో, హేడ్రియన్ చక్రవర్తి కాలంలో పూర్తయిన ఆలయం ఇది. దీని గుమ్మటం లోపలి అడ్డుకొలత 43 మీటర్ల పైచిలుకు. నేల నుంచి గుమ్మటం శిఖరం దాకా ఎత్తు కూడా అంతే. అంటే ఒక పెద్ద బంతి ఇందులో సరిగ్గా ఇమిడిపోతుందన్నమాట! ఇనుప చువ్వలు లేకుండా కట్టిన కాంక్రీటు గుమ్మటాలలో ఈనాటికీ ఇదే ప్రపంచంలోకెల్లా పెద్దది.

రోమనులు సున్నంలో అగ్నిపర్వతపు బూడిద కలిపి కాంక్రీటు చేసేవారు. అందులో వేసే రాళ్ల విషయంలోనే వాళ్ల తెలివి కనిపిస్తుంది. కింది భాగంలో బరువైన రాళ్లు వేశారు. పైకి పోయినకొద్దీ తేలికైనవి వాడారు. శిఖరం దగ్గర నీటిమీద తేలే ప్యూమిస్ రాయి కలిపారు. మందం కూడా అడుగున సుమారు 6 మీటర్లుంటే, పైన 1.2 మీటర్లే.

నడినెత్తిన దాదాపు 9 మీటర్ల వెడల్పున ఒక గుండ్రని కన్నం ఉంది. వెలుగూ వానా రెండూ అందులోంచే వస్తాయి. వాన నీరు పోవడానికి నేలలో చిన్న రంధ్రాలున్నాయి. మరి ఆ కన్నం అంచు ఎందుకు విరిగిపడదు? చుట్టూ ఉన్న ఇటుకల వలయంలో ప్రతి ఇటుకా పక్కదాన్ని నొక్కుతూ ఉంటుంది. అందరూ ఒకరినొకరు నెట్టుకుంటే ఎవరూ పడిపోలేరు కదా!

ఫ్లారెన్సు: సెంట్రింగు లేని గుమ్మటం

స్లాబు వేసేటప్పుడు కింద సెంట్రింగు కట్టడం మీరు చూసే ఉంటారు. ఫ్లారెన్సు నగరంలోని పెద్ద చర్చికి ఆ వీలు లేకపోయింది. 1296లో మొదలైన ఆ చర్చికి గోడలు లేచాయి గాని, నడుమ దాదాపు 45 మీటర్ల ఖాళీ మిగిలిపోయింది. అంత వెడల్పున, అంత ఎత్తున కొయ్య సెంట్రింగు నిలబెట్టడం అసాధ్యమనిపించింది. 1418లో పోటీ ప్రకటించారు. కంసాలి పనిలో ఆరితేరిన బ్రూనెలెస్కీ, సెంట్రింగు లేకుండానే కడతానన్నాడు.

1420లో పని మొదలైంది. ఆయన ఒకదానిలో ఒకటిగా రెండు పలచని గుమ్మటాలు లేపాడు. ఇటుకలను చేపముల్లు ఆకారంలో పేర్పించాడు. మధ్యమధ్య నిలువుగా పెట్టిన ఇటుకలు, సున్నం ఆరేదాకా పక్క ఇటుకలను జారకుండా పట్టి ఉంచేవి. ఇటుకలూ రాళ్లూ పైకి చేరవేయడానికి ఎడ్లు తిప్పే యంత్రం చేయించాడు. మన గానుగలో లాగా ఎడ్లు గుండ్రంగా తిరుగుతుంటే బరువు పైకి లేచేది.

ఇంకో చిక్కు ఉంది. రెండు పలకలను ఒకదానికొకటి ఆనించి నిలబెట్టండి. వాటి కింది అంచులు బయటికి జారతాయి. గుమ్మటం కూడా అంతే. అందుకని గోడల్లోపల రాళ్లను ఇనుముతో బిగించి వలయాలు కట్టాడు. బండిచక్రానికి వేసే ఇనుప పట్టాలాగా అవి గుమ్మటాన్ని బిగించి పట్టుకున్నాయి. 1436లో గుమ్మటం పూర్తయింది. ఈనాడు 463 మెట్లెక్కి ఆ రెండు గుమ్మటాల నడుమ నడవవచ్చు.

పీసా: నేల చేసిన మోసం

పీసా గంటగోపురం 1173లో మొదలైంది. కట్టినవారిలో నేర్పు కొరవడలేదు. కాని కింద ఉన్నది మెత్తని బంకమట్టి. మూడో అంతస్తు దగ్గరే గోపురం ఒరగడం మొదలైంది. పని దాదాపు నూరేళ్లు ఆగిపోయింది. ఆ ఆగడమే దాన్ని కాపాడింది. ఆలోగా మట్టి అణగి గట్టిపడింది. ఏకబిగిన కట్టి ఉంటే ఆనాడే కూలిపోయేది.

1989లో అదే దేశంలోని పవీయా పట్టణంలో ఒక పాత గోపురం హఠాత్తుగా కూలి నలుగురు మరణించారు. అంతటితో పీసాకూ భయం పట్టుకుంది. అప్పటికి దాని ఒరుగు 5.5 డిగ్రీలు. 1990 జనవరిలో దాన్ని మూసివేశారు. ఉత్తరం వైపు పునాదిమీద వందల టన్నుల సీసం దిమ్మెలు పేర్చి తాత్కాలికంగా ఆపారు.

అసలు మందు చాలా సులువైనది. సముద్రపు ఒడ్డున నిలబడితే, వెనక్కి పోయే అల మడమ కింది ఇసుకను లాక్కుపోతుంది. మీరు అటువైపు ఒరుగుతారు. గోపురం దక్షిణానికి వాలి ఉంది కనుక, ఉత్తరం వైపు అడుగునుంచి ఏటవాలు గొట్టాలతో కొంచెం కొంచెంగా మట్టి తీశారు. గోపురం అర డిగ్రీ వెనక్కి వచ్చింది. పైకొన 40 సెంటీమీటర్లకు పైగా కదిలింది. 2001 డిసెంబరులో తిరిగి తలుపులు తెరిచారు. పూర్తిగా నిటారు చేయాలని ఎవరూ అనుకోలేదు. కూలకుండా ఉంటే చాలు!

మీరూ చేసి చూడండి

సన్నని గొలుసు ఒకటి తీసుకుని, రెండు కొనలూ రెండు చేతులతో పట్టి గోడమీద అంటించిన కాగితం ముందు వేలాడదీయండి. ఆ వంపును స్నేహితుడి చేత గీయించండి. కాగితాన్ని తలకిందులు చేయండి. అదే మంచి కమాను ఆకారం! గొలుసులో ప్రతి కొక్కెం పక్కదాన్ని లాగుతుంది. తలకిందులైన కమానులో ప్రతి రాయీ పక్కదాన్ని నొక్కుతుంది. రోములోని సెయింట్ పీటర్స్ గుమ్మటం బీటలు వారినప్పుడు, 1743లో పోలెనీ అనే ఆచార్యుడిని సలహా అడిగారు. ఆయన ఇలాంటి గొలుసుతోనే అది కూలే ప్రమాదం లేదని తేల్చాడు. అయినా ముందు జాగ్రత్తగా మరికొన్ని ఇనుప వలయాలు వేయించమన్నాడు.

ఇక రేపు బడికి పోతూ టేపూ పెన్సిలూ వెంట తీసుకుపొండి. వరండా స్తంభాల నడుమ దూరం కొలవండి. దూలాలు ఎక్కడ ఆనాయో గీయండి. బరువు పైనుంచి కిందికి పోయే దారిని బాణం గుర్తులతో చూపించండి. ఒక బాణం ఎటు పోవాలో తోచక మీ చెయ్యి ఆగిందా? అక్కడే మళ్లీ తల ఎత్తి చూడండి.