విదేశయానము – ఇ-సిమ్

సిమ్ అనగా చందాదారుని గుర్తించు రహస్యసంఖ్యలను దాచు చిప్పు. 1991లో వచ్చిన తొలి సిమ్ బ్యాంకు కార్డంత ఉండెడిది. ఇ-సిమ్‌లో ఆ చిప్పు ఫోనులోనే బిగింపబడియుండును. ప్రయాణికుడు కొనునది చిప్పును కాదు, అందు చేర్చవలసిన చందా వివరములను. వీనినే ప్రొఫైల్ అందురు. ఇది ఇంటర్నెట్ ద్వారా దిగును గనుక ఇంటివద్దనే దించుకొనుట మేలు.

హైదరాబాదులో తీసికొన్న చందాతో సింగపూరు టవరును వాడుకొనుట రోమింగ్. యాత్రికుల ఇ-సిమ్ తరచు మూడవ దేశపు కంపెనీది. అదియు రోమింగ్‌తోనే పనిచేయును. కావున దానికి డేటా రోమింగ్ తెరచి, ఇంటి సిమ్‌కు మూయవలెను. ఇది తారుమారైనచో, కొన్న డేటా మిగిలియుండగనే ఇంటి బిల్లు పెరుగును.

డేటా మాత్రమే ఇచ్చు ఇ-సిమ్‌కు ఫోను నంబరు ఉండదు. బ్యాంకు ఓటీపీ పాత నంబరుకే వచ్చును. అందుచే ఇంటి సిమ్‌లో డేటాను మాత్రమే ఆపవలెను, సిమ్‌ను ఆపరాదు.