సీసీఐఈ ల్యాబ్ ఎగ్జామ్: 8 గంటల పరీక్ష.. కమాండ్స్ బట్టీ పడితే గట్టెక్కలేరు.. ప్రిపరేషన్ ఇలా ఉండాలి!

నెట్‌వర్కింగ్ ఫీల్డ్‌లో అడుగుపెట్టిన చాలామందికి సీసీఐఈ ఓ పెద్ద టార్గెట్. సిస్కో 1993లో మొదలుపెట్టిన ఈ సర్టిఫికేషన్‌కు ఐటీ రంగంలో ఇప్పటికీ మంచి గుర్తింపు ఉంది. అయితే అసలు చిక్కంతా ల్యాబ్ ఎగ్జామ్‌తోనే. ఫీజే లక్ష రూపాయలు దాటుతుంది. ఫెయిలైతే మళ్లీ కట్టాల్సిందే. మరి దీనికి ఎలా ప్రిపేర్ అవ్వాలి?

పరీక్ష ఎలా ఉంటుందంటే..

ఎంటర్‌ప్రైజ్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ ట్రాక్ తీసుకుంటే, ముందుగా 120 నిమిషాల ఎన్‌కోర్ రాత పరీక్ష పాస్ కావాలి. ఆ తర్వాత 3 ఏళ్లలోపు ల్యాబ్‌కు వెళ్లాలి. తెలుగు రాష్ట్రాల వాళ్లకు దగ్గర్లో ఉన్న శాశ్వత ల్యాబ్ బెంగళూరులో ఉంది.

ల్యాబ్ మొత్తం ఒకే రోజు, 8 గంటలు. మొదటి 3 గంటలు డిజైన్ మాడ్యూల్. ఇందులో రూటర్ ముట్టుకునే పని ఉండదు. కంపెనీ అవసరాలు, ఈమెయిల్స్, డయాగ్రామ్స్ చదివి సరైన నిర్ణయం చెప్పాలి. ఒకసారి ముందుకెళ్తే పాత ప్రశ్నకు తిరిగి రాలేరు. మిగతా 5 గంటలు నెట్‌వర్క్ కట్టడం, నడపడం, చెడిపోయింది బాగుచేయడం. మొత్తం స్కోర్ బాగున్నా సరిపోదు.. రెండు మాడ్యూల్స్‌లోనూ కనీస మార్కులు రావాలి.

ఎక్కువమంది తడబడేది ఇక్కడే!

కాన్ఫిగరేషన్ టైప్ చేయడం చాలామందికి వచ్చు. అది పనిచేయనప్పుడు ఎందుకో కనిపెట్టడమే కష్టం. ఉదాహరణకు రెండు రూటర్ల మధ్య పింగ్ వెళ్తోంది. కానీ ఓఎస్‌పీఎఫ్ నైబర్ మాత్రం ఎక్స్‌స్టార్ట్ దగ్గరే ఆగిపోయింది. ఇలాంటప్పుడు ముందుగా అనుమానించాల్సింది రెండు వైపులా ఎంటీయూ సమానంగా ఉందా లేదా అని. ఆ స్టేజ్‌లో ఏం జరుగుతుందో తెలిసినవాళ్లు నిమిషంలో పట్టేస్తారు. తెలియనివాళ్లు అరగంట పోగొట్టుకుంటారు.

ఇంకో ఉచ్చు రీడిస్ట్రిబ్యూషన్. ఓఎస్‌పీఎఫ్, ఈఐజీఆర్‌పీ నెట్‌వర్క్‌లను రెండు రూటర్ల దగ్గర కలిపితే, ఒకచోట వెళ్లిన రూట్ రెండోచోట నుంచి తిరిగొచ్చి లూప్ అయ్యే ప్రమాదం ఉంది. రూట్‌కు ట్యాగ్ వేసి, తిరిగొచ్చేటప్పుడు ఆపేయడం దీనికి బాగా తెలిసిన మందు.

ఇంట్లోనే ప్రాక్టీస్ ఎలా?

పాత రూటర్లు కొనాల్సిన పనిలేదు. ఈవీఈ-ఎన్‌జీ, జీఎన్ఎస్3, సిస్కో మోడలింగ్ ల్యాబ్స్ లాంటి సాఫ్ట్‌వేర్లతో మంచి ర్యామ్ ఉన్న కంప్యూటర్‌లోనే టోపాలజీ కట్టుకోవచ్చు. ప్యాకెట్ ట్రేసర్ బేసిక్స్‌కు ఓకే కానీ ఈ స్థాయికి చాలదు.

* ల్యాబ్ కట్టాక స్నేహితుడితో దాన్ని చెడగొట్టించండి. ఏం మార్చారో చెప్పకూడదు. టైమర్ పెట్టుకుని తప్పు వెతకండి.
* కమాండ్ కొట్టేముందు ఏం జరుగుతుందో కాగితంపై రాయండి. రిజల్ట్ తేడా వస్తే, మీకు తెలియని విషయం అక్కడే ఉందన్నమాట.
* ప్రతి టాస్క్ తర్వాత షో కమాండ్స్‌తో చెక్ చేసి సేవ్ చేయండి. కొత్త టాస్క్ వల్ల పాతది చెడిపోవడం మామూలే.
* పరీక్షకు ముందు కొన్నిసార్లైనా 5 గంటలు లేవకుండా మాక్ ల్యాబ్ చేయండి.

రూటింగ్ ఒక్కటే చదివితే చాలదు. సిలబస్‌లో నెట్‌వర్క్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ వాటా 30 శాతమే. సాఫ్ట్‌వేర్ డిఫైన్డ్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ 25 శాతం, ఆటోమేషన్ 15 శాతం ఉన్నాయి. అంటే పైథాన్ కూడా తప్పదు.

డంప్స్ జోలికి వెళ్లొద్దు!

'అవే ప్రశ్నలు వస్తాయి' అంటూ డంప్స్ అమ్మేవాళ్లకు కొదవలేదు. అవి వాడటం సిస్కో నిబంధనలకు విరుద్ధం. దొరికితే సర్టిఫికెట్ రద్దయ్యే అవకాశం ఉంది. దొరక్కపోయినా, రేపు ఆఫీసులో అర్ధరాత్రి లింక్ డౌన్ అయితే ఆ డంప్స్‌లో జవాబు దొరకదు. అప్పుడు పనికొచ్చేది చేత్తో చెడగొట్టి, చేత్తో బాగుచేసి నేర్చుకున్నదే.