రాముడు చూచిన అడవి

శ్రీరామనవమినాడు భద్రాచలమునకు వచ్చు జనసమూహమును గమనించినవారికి ఒక విషయము తోచకమానదు. వేకువనే బస్సు దిగుదురు, గోదావరిలో మూడు మునుగులు మునుగుదురు, కల్యాణమును చూతురు, తలంబ్రాలు కొంగున ముడివేసికొందురు, సాయంకాలమునకు ఖమ్మము దారి పట్టుదురు. ఈ భక్తిని ఆక్షేపించుట మా ఉద్దేశము కాదు. కాని వీరు రాముని చూచి పోవుచున్నారే కాని, రాముడు చూచినదానిని చూచుట లేదు.

అయోధ్యాకాండమున చిత్రకూటవర్ణనము కలదు. రాజ్యము పోయినది, ఆప్తులు దూరమైరి. అట్టి సమయమున రాముడు సీతను వెంటబెట్టుకొని కొండచరియలను, రంగురంగుల రాళ్లను, పూచిన చెట్లను, పక్షులను ఒక్కొక్కటిగా చూపుచు, ఈ కొండను చూచుచుండగా రాజ్యభ్రంశము గాని బంధువియోగము గాని తన మనస్సును బాధింపలేదని చెప్పును. చక్రవర్తి కుమారునకు రాజ్యమును మఱపించినది మరియొక రాజ్యము కాదు. ఒక కొండ, ఒక యేరు, పూచిన చెట్టు. సీతారాములు పర్ణశాలయందు నివసించిరని మన ప్రాంతమువారు తరతరములుగా నమ్ముచున్నారు. ఆ నమ్మకము గల మనము ఆ అడవిమధ్యనుండి పోవుచు బస్సు కిటికీకి తెర దించుకొని నిద్రించుట విచిత్రము.

ఖమ్మము నుండి భద్రాచలము ఇంచుమించు 120 కిలోమీటర్లు. కొత్తగూడెపు బొగ్గుగనులను, పాల్వంచ విద్యుత్కేంద్రపు పొగగొట్టములను దాటిన పిమ్మట అడవి తన పంచాంగమును విప్పును. ఫాల్గుణమున మోదుగ యెఱ్ఱబాఱును; చైత్రమున ఇప్ప పూచును; ఎండ ముదిరినకొలది తునికిపండ్లు, మొర్రిపండ్లు గంపలలో కనబడును; వానలు పడగానే కిన్నెరసాని పరుగెత్తును. ఈ యుత్సవమునకు ప్రవేశరుసుము లేదు. 1965లో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ప్రారంభించిన వంతెనకు పూర్వము ఈ దారిని వచ్చు యాత్రికుడు పడవపై గోదావరిని దాటవలసియుండెడిది; నదిని చూడక తప్పెడిది కాదు. వంతెన గొప్ప మేలు చేసినది. దానితోపాటు నదిని నిమిషములో దాటి మఱచు అలవాటును కూడ నేర్పినది. గోదావరి కోపించిన నాడు మాత్రము అందఱును ఆమెను తలతురు. 1986 ఆగస్టులో భద్రాచలమువద్ద నీటిమట్టము 75.6 అడుగులకు చేరినది. 2022 జూలైలో 71 అడుగులు దాటినది. ఆ దినములలో రాష్ట్రమంతయు గోదావరి మాటయే. మాఘమాసపు టెండలో అదే నది ఇసుకతిన్నెల నడుమ మెల్లగా సాగునపుడు పలుకరించువాడు లేడు.

ఇప్పపూవు తెల్లవారుజామున రాలును. ఒక చైత్రమాసమున దుమ్ముగూడెము దారిలో మేము కోడికూతవేళ ఒక ఇప్పచెట్టు క్రింద నిలిచితిమి. అప్పటికే ఒక వృద్ధ కోయస్త్రీయు, ఆమె మనుమరాలును పూలు ఏరుచుండిరి. రాలిన ఆకులను ముందే ఊడ్చి కాల్చియుండుటచే నేల శుభ్రముగా నున్నది. లేతపసుపు వన్నెగల పూలు టపటప రాలుచుండెను; వాని తీపివాసన గాలియంతయు నిండియుండెను. పట్టణవాసి యలవాటు చొప్పున మేము అడిగిన మొదటి ప్రశ్న, కిలో యెంత పలుకుననియే. ఆమె ధర చెప్పలేదు. దోసెడు పూలు తీసి మా చేతిలో పోసి, తిని చూడుమని సైగ చేసినది. మా ప్రశ్నకు మేమే సిగ్గుపడితిమి.

ఆ పూలు ఎండిన పిదప ఆమె యింటికి తిండి, సంతకు సరకు. వేసవి యెండలో తునికాకు కోసి కట్టలు కట్టుటయు అట్టి కుటుంబములకే తప్పదు. అడవిబ్రతుకు సుఖమని పట్టణమున కూర్చుండి వ్రాయువారిలో మేము చేరము. కాని కష్టపు పనిలోనే తీపిని గుర్తెఱుగుట, గుర్తెఱిగినదానిని పరునకు పంచుట ఆమెకు తెలియును; తీరిక గల మనకు తెలియదు.

కోయలలో కొత్తల పండుగ యను ఆచారము కలదు. మామిడి గాని చిక్కుడు గాని కొత్తగా కాచినపుడు వేల్పులకు నివేదింపక ఎవరును నోట పెట్టరు. ఫలము చెట్టున కనబడుచునే యుండును, ఊరంతయు కాచుకొనియుండును. ఆనాటి మొదటి ముక్కకు గల రుచి, ఏడాది పొడవున అంగడిలో దొరకు పండునకుండునా? మన యుగాది పచ్చడిలోని మామిడిముక్కయు వేపపూవును ఆ ఆచారమునకు చుట్టములే.

ఇట్టి సుఖములు అల్పములని తలంచు పాలకులకు ఈ మన్నెమే యొకప్పుడు బుద్ధి చెప్పినది. ఇంటి వాడుకకై కల్లు గీచుకొనుట కొండవారికి పూర్వమునుండి గల స్వేచ్ఛ. ఆంగ్ల ప్రభుత్వము దానిని ఆబ్కారీ లెక్కలలో చేర్చినది. చిగురుపన్ను మోయలేని భారమైనది. 1879లో రంప పితూరీ లేచినది. పోడుపై పెరిగిన పన్నుతో కుమిలియుండిన భద్రాచలము వైపు రేకపల్లె సీమయు అందు చేరినది. మేము కల్లును పొగడుట లేదు. తాగుడు పల్లెలకు చేయు చేటును ఎఱుగుదుము. అయినను, గుడిసె ముంగిటి స్వేచ్ఛ విలువ తిరుగుబాటు వచ్చువఱకు ఆ ప్రభుత్వమునకు తెలియలేదు.

స్వతంత్ర భారతమున చట్టము కొంత మారినది. 2006 నాటి అటవీ హక్కుల చట్టము వెదురు, తేనె, తునికాకు, దుంపలు మున్నగువానిపై అడవివాసుల యాజమాన్యమును అంగీకరించినది. కాని మరియొక లెక్క నడచుచున్నది. పోలవరము జలాశయము నిమిత్తమై 2014లో భద్రాచలము పట్టణమును తెలంగాణమున నుంచి, చుట్టుప్రక్కల మండలములను ఆంధ్రప్రదేశమున కలిపిరి. శబరి గోదావరిలో కలియు కూనవరము మొదలుకొని పాపికొండలవఱకు అనేక గ్రామములు ముంపుపట్టికలో కలవు. దిగువ పొలములకు నీరు వలదని మేము చెప్పము. ఆ నీటి మేలు పొందువారు మా పాఠకులలోనే కలరు. పరిహారపు పట్టికలో ఇంటికి వరుస యున్నది. పొలమునకు వరుస యున్నది. చెట్టునకును ధర కట్టుదురు. ఆ చెట్టునీడన కూర్చున్న సాయంకాలములకు, రెండు నదులు కలియుట చూచు గట్టునకు వరుస లేదు. ఉండుటకు వీలును లేదు. కావుననే ఇచ్చినది పూర్తి మూల్యమని ఏ యధికారియు అనరాదు. ఆ నీటితో పైరు పండించుకొనువాడు తన ఋణము తీరినదని తలంపరాదు. కనీసము పునరావాసపు ఊళ్లు అడవికి నడచిపోగల దూరమున నుండవలెను. ఇప్పపూవు రాలు వేళకు చెట్టుక్రింద నుండలేనివానికి ఆ చెట్టుపై హక్కుండియు ఫలమేమి?

మన వంతు పని చిన్నది. వచ్చు నవమికి భద్రాచలమున ఒక్క రాత్రి ఎక్కువ నిలువుడు. తెల్లవారకమునుపే గోదావరి గట్టున కూర్చుండుడు. పర్ణశాల దారిలో కొంతదూరము నడువుడు. అంతదూరము పోలేనివారికి తమ యూరి చెఱువుకట్ట యున్నది. పొలము గట్టున ఇప్పచెట్టు నిలిచియున్నచో సాగు పేర దానిని కొట్టింపకుడు. పిల్లలను దానిక్రిందికి తీసికొనిపోయి పేరు చెప్పుడు. పేరు తెలియని చెట్టు పోయిననాడు, అది యేమైనదని అడుగువారుండరు.